బెంగళూరు వాడిన నీళ్ళు, కోలారు చెరువు

కర్ణాటకలోని కోలారు జిల్లా నరసాపురం దగ్గర మా మేనమామకు మూడెకరాల టమాటా తోట ఉంది. పొద్దున్నే మోటారు వేయగానే దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూస్తాడు. "మీరు బెంగళూర్లో వాడి వదిలినవే కదరా అల్లుడా ఇవి" అంటాడు నాతో. నిజమే. నేనుండేది కోరమంగల పక్కన. మా ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు శుద్ధి అయి, పైపులో పోయి, ఆయన ఊరి చెరువులో ఇంకుతున్నాయి. కోలారుకు ఈ అవసరం ఎలా వచ్చిందో చెప్పుకోవాలంటే చాలా వెనక్కి పోవాలి.

కోలారులో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పాలారు, దక్షిణ పినాకిని రెండూ నంది కొండల దగ్గరే పుట్టినా, వాన కురిస్తేనే పారతాయి. అందుకే పాతకాలం వాళ్ళు వేల చెరువులు కట్టారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. ఏ మడికి ఎంతసేపు తూము తెరవాలో నీరుగంటి చూసుకునేవాడు. చెరువు కింద వరి, మెట్ట చేలల్లో రాగి, బావుల కింద మల్బరీ. చెరువులో ఎన్ని నీళ్ళుంటే అంత పంట.

ఈ లెక్కను బోరు మార్చేసింది. బోరు ఎవరికి వారిదే కాబట్టి చెరువు పూడిక తీయాలన్న పట్టింపు ఊళ్ళో తగ్గింది. తర్వాత ప్రభుత్వం 10 హెచ్‌పీ వరకు మోటార్లకు కరెంటు ఉచితం చేసింది. రైతుకు అది పెద్ద ఊరటే, కాదనను. కానీ నీళ్ళు తోడడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, ఇంకించడానికి మాత్రం ఆ స్థాయిలో ఇవ్వలేదు. వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని ఊళ్ళున్నాయి. కరెంటు ఉచితమే, బోరు ఉచితం కాదు. మా మామ మూడు బోర్లు వేయిస్తే రెండు ఫెయిలయ్యాయి. వాటి అప్పు తీర్చాలంటే రాగి చాలదు, టమాటాయే పెట్టాలి. టమాటాకు నీళ్ళు ఎక్కువ కావాలి, ధరకేమో నిలకడ లేదు. 2023 జులైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. వంద కూడా పలకని రోజుల్లో కాయల్ని రోడ్డు పక్కన పారబోసి పోతారు.

భూమిలోని నీళ్ళు పీల్చేస్తాయని పేరుపడ్డ నీలగిరి (యూకలిప్టస్) చెట్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. 1980ల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన సామాజిక అడవుల పథకం వాటిని పొలాల్లోకి తెచ్చింది. కాపలా అక్కర్లేదు, కూలీలు అక్కర్లేదు. భూమి ఊళ్ళో పెట్టి బెంగళూరులో ఉండేవాళ్ళకు బాగా నచ్చింది. 1983లోనే తుమకూరు జిల్లా రైతులు నర్సరీలోకి వెళ్ళి ఆ మొక్కలు పీకేశారు. కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటకూడదని చెప్పింది 2017లో.

ఇటు బెంగళూరుకు 1974 నుంచి వంద కిలోమీటర్ల దూరాన్నుంచి కావేరి నీళ్ళు వస్తున్నాయి. వాడిన నీళ్ళు ఎటో పోవాలి కదా. బెళ్ళందూరు చెరువులోకి పోయాయి. ఆ చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరింది, 2015 నుంచి పలుమార్లు మంటలు లేచాయి. అక్కడి మురికి దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దాకా పోయింది. 2016 మార్చిలో కోలారు, చిక్కబళ్ళాపురం రైతులు శాశ్వత నీటి వసతి కోసం ట్రాక్టర్లేసుకుని బెంగళూరుకు బయల్దేరారు. పడమటి కనుమల్లోని ఎత్తినహొళె ఏటి నీళ్ళు తెస్తామని 2014లోనే శంకుస్థాపన జరిగింది, దాని మొదటి దశ మొదలైంది 2024లో. ఈలోగా చేతికి అందినవి మన మురుగు నీళ్ళే.

అలా పుట్టిందే కేసీ వ్యాలీ పథకం, అంటే కోరమంగల-చల్లఘట్ట. శుద్ధి చేసిన మురుగు నీళ్ళను రోజుకు 44 కోట్ల లీటర్లు, నూటికి పైగా చెరువులకు పంపాలన్నది లక్ష్యం. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు నీళ్ళొచ్చాయి, కొన్ని వారాలకే అక్కడా నురగ కనిపించింది. హైకోర్టు ఆపింది, తర్వాత వదలనిచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, కొన్ని నెలలకు మళ్ళీ పారనిచ్చింది.

ఈ నీళ్ళకు రెండు దశల శుద్ధే జరుగుతుంది. చెరువు నుంచి నేరుగా తోడకూడదు, భూమిలో ఇంకాక బోర్లలోంచే వాడుకోవాలని నియమం. అంటే మిగిలిన మలినాలు తీసే మూడో దశ పనిని మట్టికి అప్పజెప్పారు. ఎండిన బోర్లలో నీళ్ళు వచ్చిన మాట నిజం. మా మామ బోరే సాక్ష్యం. వలస పోదామనుకున్న మనిషి ఆగిపోయాడు, అందుకే ఈ పథకం వద్దని నేను అనలేను. కానీ మూడో దశ శుద్ధి ఖర్చు నగరం పెట్టుకోవాలి. మురుగు మనది. మట్టిలో, కాయలో భార లోహాలు చేరుతున్నాయేమో ఊరూరా పరీక్షించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి.

పోయిన నెల వెళ్ళినప్పుడు మామ లీటరు సీసా నిండా బోరు నీళ్ళు పట్టి నా బ్యాగులో పెట్టాడు, బెంగళూరు ల్యాబులో చూపించమని. ఫీజు కూడా చేతిలో పెట్టాడు. వద్దంటే వినలేదు.