మలేరియా పరిశోధనలోకి ఎలుక ఎలా వచ్చింది

మలేరియా మందు గురించో టీకా గురించో వార్త వచ్చినప్పుడు ‘ఎలుకలపై ప్రయోగాల్లో మంచి ఫలితాలు’ అనే మాట తరచూ కనిపిస్తుంది. నిజానికి మనిషికి మలేరియా తెచ్చే ఫాల్సిపారం, వైవాక్స్ పరాన్నజీవులు మామూలు ల్యాబ్ ఎలుకలో బతకవు. ఆ ప్రయోగాల్లో వాడేది వేరే పరాన్నజీవి. అది ఆఫ్రికా అడవి ఎలుకల్లో దొరికింది. దాని నుంచి వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే, అది ల్యాబ్‌లోకి ఎలా వచ్చిందో తెలియాలి.

మనిషి మలేరియాను వేరే జీవిలో చదవడంలో ఒక పెద్ద అడుగు మన దేశంలోనే పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమను కోసి చూశాడు. దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి తిత్తులు కనిపించాయి. బేగంపేటలో ఆయన పేరు మీద ఉన్న సంస్థ దానికి గుర్తే. అయితే కథ అక్కడ సగమే పూర్తయింది. కొద్ది రోజులకే రాస్‌కు బదిలీ అయింది. మరుసటి ఏడాది కలకత్తాలో ప్రయోగాలకు మనుషులు దొరకడం కష్టమై, ఆయన పక్షుల మలేరియా వైపు తిరిగాడు. పరాన్నజీవి దోమ పొట్ట నుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటుతో మరో ప్రాణిలోకి వెళ్తుందని 1898 జూలైలో ఆ పక్షుల్లోనే తేల్చాడు. 1902లో నోబెల్ తెచ్చిన పనిలో సగం పిచ్చుకల వంటి పక్షుల మీద జరిగిందే.

తర్వాత దాదాపు యాభై ఏళ్లు పక్షులదే రాజ్యం. 1920ల్లో జర్మనీలో బేయర్ కంపెనీవాళ్లు కానరీ పిట్టలపై పరీక్షించి ప్లాస్మోక్విన్ అనే మందు తయారు చేశారు. కానీ పక్షుల మలేరియాకు ఒక పెద్ద లోటు ఉంది. మనిషిలో పరాన్నజీవి ముందు కాలేయ కణాల్లో పెరిగి ఆ తర్వాతే రక్తంలోకి వస్తుంది. పక్షిలో కాలేయ కణాల దశ ఉండదు. కోతుల్లో ఆ దశను షార్ట్, గార్న్‌హామ్ 1948లో లండన్‌లో చూపించారు. కోతులను పెంచడానికి ఖర్చు ఎక్కువ, అవి దొరకడమూ కష్టం. ఇక మనుషుల సంగతి. సిఫిలిస్ మెదడుకు పాకిన రోగులకు చికిత్స పేరుతో మలేరియా ఎక్కించేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికాలో స్టేట్‌విల్ జైలు ఖైదీలకు జబ్బు తెప్పించి మందులు పరీక్షించారు. ఎలుక రాకముందు ఆ చోటులో ఎవరున్నారో మరచిపోకూడదని నా అభిప్రాయం.

ఎలుక పరాన్నజీవి దొరికింది అప్పటి బెల్జియన్ కాంగోలోని కటాంగాలో. అక్కడ మలేరియా దోమల మీద పనిచేస్తున్న ఇన్యాస్ వింకే అనే బెల్జియన్ డాక్టరుకు 1940ల మొదట్లో అడవి వాగు ఒడ్డున ఒక వింత ఎదురైంది. అనాఫిలిస్ డ్యూరెనై అనే అడవి దోమ లాలాజల గ్రంథుల్లో మలేరియా స్పోరోజోయిట్లు, అంటే దోమ కాటుతో ఒంట్లోకి దిగే పరాన్నజీవి రూపాలు, ఉన్నాయి. అవి ఏ ప్రాణివో తెలియదు. ఆ దోమలు ఎవరి రక్తం తాగుతున్నాయని వెతుక్కుంటూ పోతే ఎలుకల దగ్గర తేలింది. చివరికి 1948లో కిసాంగా దగ్గర పొదల్లో తిరిగే ఒక అడవి ఎలుక రక్తంలో పరాన్నజీవి కనిపించింది. వింకే, ఆయన సహచరుడు లిప్స్ దానికి వాన్ డెన్ బెర్గ్ అనే ప్రొఫెసర్ పేరు మీద ప్లాస్మోడియం బెర్ఘై అని పేరు పెట్టారు. దోమలో మొదట చూసి, తర్వాత దాని ఆతిథేయిని, అంటే అది బతికే ప్రాణిని, వెతికి పట్టుకోవడం అరుదైన సంగతి. మామూలుగా జబ్బుపడిన ప్రాణి ముందు దొరుకుతుంది, దాన్ని మోసే పురుగు తర్వాత.

అదృష్టవశాత్తూ బెర్ఘై తెల్ల ఎలుకల్లో కూడా పెరిగింది. కొన్నేళ్లలోనే ప్రపంచంలోని ల్యాబులన్నిటికీ పాకింది. ఒక ఎలుక రక్తం తీసి సిరంజీతో ఇంకో ఎలుకకు ఎక్కిస్తే చాలు, జబ్బు వచ్చేది. ఈ సులువే ఇబ్బంది తెచ్చింది. రక్తం నుంచి రక్తానికి అలా మార్చుకుంటూ పోతే, దోమలోకి వెళ్లాల్సిన లైంగిక రూపాలను తయారు చేసే శక్తిని పరాన్నజీవి పోగొట్టుకుంటుంది. పైగా ల్యాబులోని దోమల్లో బెర్ఘై సరిగా ఎదిగేది కాదు. అంటే దోమ కాటు నుంచి కాలేయం దాకా ఉన్న ముఖ్యమైన సగం చూడ్డానికి వీల్లేకుండా పోయింది.

చిక్కుముడి విప్పింది న్యూయార్క్ యూనివర్సిటీలోని మెయర్ యోలీ, జెరోమ్ వాండర్‌బర్గ్ బృందం. 1960ల మధ్యలో వాళ్లు తేల్చింది వింటే ఇంతేనా అనిపిస్తుంది: దోమల గది మరీ వెచ్చగా ఉంది. మలేరియా అంటే వేడి దేశాల జబ్బు కదా అని దోమలను 25 డిగ్రీల పైన ఉంచడం అలవాటు. కటాంగా ఎత్తైన ప్రాంతం, వాగు ఒడ్డు అడవి చల్లగా ఉంటుంది. దోమలను 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచగానే బెర్ఘై పూర్తిగా ఎదిగి లాలాజల గ్రంథులకు చేరింది. ఈ రోజుకూ బెర్ఘై సోకిన దోమలను ఆ చల్లదనంలోనే పెంచుతారు. పరాన్నజీవి పుట్టిన చోటును లెక్కలోకి తీసుకోవడమే అక్కడ పరిష్కారమైంది. మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది.

ల్యాబులో అందుకు వాడే దోమ మనదే. అనాఫిలిస్ స్టీఫెన్సై మన నగరాల్లో బావుల్లో, మేడ మీది నీళ్ల ట్యాంకుల్లో గుడ్లు పెట్టే దోమ. మత్తు ఇచ్చిన, జబ్బు ఉన్న ఎలుకను ఆడ దోమల పంజరం మీద ఉంచుతారు. పది, పన్నెండు రోజులకు దోమ పొట్ట గోడపై తిత్తులు కనిపిస్తాయి. మూడు వారాలకు లాలాజల గ్రంథుల్లో స్పోరోజోయిట్లు ఉంటాయి. మైక్రోస్కోప్ కింద సన్నటి సూదులతో దోమ తల లాగి, ఆ గ్రంథులను విడదీయాలి. చెయ్యి వణికితే పోయినట్టే. ఎలుకలోకి వెళ్లాక కాలేయంలో రెండు రోజులు, ఆపైన రక్తంలోకి. మనిషిలో ఫాల్సిపారం కాలేయ దశకు దాదాపు వారం పడుతుంది.

ఆ చల్లటి గదుల్లోంచి వచ్చిన మొదటి పెద్ద ఫలితం టీకాకు దారి చూపింది. 1967లో రూత్ నస్సెన్‌జ్వైగ్, వాండర్‌బర్గ్ తదితరులు బెర్ఘై స్పోరోజోయిట్లను ఎక్స్‌రేలతో బలహీనపరిచి ఎలుకలకు ఎక్కించారు. ఆ ఎలుకలు తర్వాత అసలు స్పోరోజోయిట్లను తట్టుకున్నాయి. మలేరియాకు టీకా సాధ్యమేనని గట్టిగా చూపిన పని అది. వియన్నాలో పుట్టి, నాజీల బారిన పడకుండా కుటుంబంతో బ్రెజిల్ చేరి, అక్కడ డాక్టరు చదివిన మనిషి రూత్. రక్షణ ఇస్తున్నది స్పోరోజోయిట్ పైపొరలోని ఏ ప్రోటీనో ఆమె బృందం 1980 నాటికి ఎలుకల్లో పట్టుకుంది. ఫాల్సిపారంలో అదే తరహా ప్రోటీన్ జన్యువును 1984లో విడదీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్‌ఎస్ టీకాలో, 2023లో సిఫారసు చేసిన ఆర్21 టీకాలో ఉన్నది ఆ ప్రోటీన్ ముక్కే. ఆర్21ను తయారు చేస్తున్నది పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్.

మందుల వైపు చూసినా అంతే. చైనాలో తు యూయూ బృందం ఆర్టెమిసియా మొక్క నుంచి తీసిన 191వ నమూనా 1971 అక్టోబరు 4న బెర్ఘై సోకిన ఎలుకల్లో నూటికి నూరు శాతం పనిచేసింది. ఆర్టెమిసినిన్ అక్కడి నుంచే వచ్చింది. మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ), బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ), హైదరాబాద్ యూనివర్సిటీల్లోనూ ఎలుకల మలేరియాపై పని జరిగింది.

1976లో ట్రేగర్, జెన్సన్ ఫాల్సిపారంను గాజు పాత్రలో, మనిషి రక్తంలో పెంచడం సాధించారు. మరి ఇంకా ఎలుకలెందుకు అని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. రక్త దశపై పనిచేసే మందును గాజు పాత్రలో చూడొచ్చు, చూస్తున్నారు కూడా. కానీ దోమ చర్మంలో వదిలిన స్పోరోజోయిట్ రక్తనాళం వెతుక్కుంటూ పాకడం, రోగనిరోధక కణాలు దాన్ని అడ్డుకోవడం బతికున్న శరీరంలో తప్ప కనిపించవు. 1995లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు బెర్ఘైలో జన్యువులు మార్చే పద్ధతి తెచ్చాక, మెరిసే పరాన్నజీవులతో ఆ ప్రయాణాన్ని నేరుగా చూడగలిగారు.

ఎలుక తప్పుదారి పట్టించిన సందర్భమూ ఉంది, అది బాధాకరమైనది. మలేరియా మెదడుకు పాకితే పిల్లలు కోమాలోకి వెళ్తారు. బెర్ఘైలో ఏఎన్‌కేఏ అనే రకంతో ఎలుకల్లో అలాంటి జబ్బు తెప్పించవచ్చు. ఒంట్లో వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకలు బతుకుతాయని 1987లో తేలింది. అదే ఆలోచనతో గాంబియాలో కోమాలో ఉన్న పిల్లలకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూశారు. 1996లో వచ్చిన ఫలితం ప్రకారం మరణాలు తగ్గలేదు, పైగా నరాల సంబంధమైన లోపాలు ఎక్కువ మందిలో మిగిలాయి. మనిషి మెదడులో పరాన్నజీవి సోకిన ఎర్ర రక్తకణాలు సన్న రక్తనాళాలకు అతుక్కుని దారి మూస్తాయి. ఎలుక మెదడులో ఎక్కువ నష్టం చేసేది దాని సొంత రోగనిరోధక కణాలు. పైకి ఒకేలా కనిపించే రెండు జబ్బుల మధ్య అంత తేడా ఉంది. అందుకే ఏ దశ గురించి, ఏ పరాన్నజీవితో అన్నది చెప్పకుండా ‘ఎలుకల్లో పనిచేసింది’ అని రాసే వార్తలంటే నాకు భయం.

ప్రాణుల విషయంలో మన దగ్గర 1960 జంతుహింస నిరోధక చట్టం, 1998 నిబంధనలు ఉన్నాయి. ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటేనే ప్రయోగం మొదలవుతుంది. ఎన్ని ఎలుకలు కావాలో, ఏ దశలో వాటి బాధను ఆపుతారో ముందే రాసివ్వాలి.

మన దేశానికి మిగిలిన పెద్ద సమస్య వైవాక్స్. అది నెలల తరబడి కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది. ఎలుకల మలేరియాలో ఆ నిద్ర దశ అసలు లేదు, బెర్ఘై ఎంత చదివినా దొరకదు. అందుకే మనిషి కాలేయ కణాలు నింపిన ప్రత్యేక ఎలుకలను తయారు చేశారు. వాటిలో 2012లో ఫాల్సిపారం కాలేయ దశను, 2015లో వైవాక్స్ నిద్ర దశను పెంచి చూపించారు. ఆ ఎలుకలు చాలా ఖరీదు. వైవాక్స్‌ను ల్యాబులో ఎడతెగకుండా పెంచే పద్ధతి లేదు కాబట్టి, వాటికి ఎక్కించే స్పోరోజోయిట్ల కోసం రోగుల రక్తం తాగించిన దోమలే కావాలి.