పాంజీ పిల్లల్ని చంపింది కొత్త వైరస్ కాదు

2024 చివర్లో కాంగోలోని పాంజీ అనే మారుమూల ప్రాంతంలో పిల్లలు జ్వరం దగ్గుతో వరసగా చనిపోతుంటే మీడియా అంతా డిసీజ్ ఎక్స్, అంటే ఇంకా ఎవరికీ తెలియని కొత్త రోగం అని హడలిపోయింది. డిసెంబర్ 5 కల్లా 406 కేసులు, 31 మరణాలు, ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లే. తీరా టెస్టులు చేస్తే మలేరియా, ఫ్లూ లాంటి తెలిసిన జబ్బులే, కాకపోతే సీరియస్ అయిన వాళ్లందరికీ తీవ్రమైన పోషకాహార లోపం ఉందని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఆ మాట దగ్గర నాకు కడుపు తరుక్కుపోయింది, ఎందుకంటే సరైన తిండి లేని పిల్లల్ని మామూలు జబ్బులే చంపేస్తాయన్నది తొంభై ఏళ్ల నుంచి తెలిసిన సంగతే.

1930ల్లో ఇప్పటి ఘనాలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్, కాళ్లు వాచి, చర్మం ఊడి, జుట్టు రంగు మారిపోయిన పిల్లల్ని చూసి అక్కడి తల్లుల్నే అడిగింది, వాళ్లు క్వాషియోర్కర్ అన్నారు. గా భాషలో ఆ మాటకి అర్థం, తర్వాతి కాన్పు వచ్చి తల్లిపాలకి దూరమైన పెద్దబిడ్డకి వచ్చే జబ్బు అని. పాలు ఆగిపోయాక ఆ బిడ్డకి దక్కేది మొక్కజొన్న జావ. 1935లో ఆమె ఆ పేరుతోనే పేపర్ రాసింది, పెద్ద డాక్టర్లు కొందరు ఒప్పుకోలేదు గానీ జబ్బు పేరులోనే కారణం చెప్పేసిన ఆ తల్లులే నా దృష్టిలో అసలు డాక్టర్లు.

తిండి లేకపోతే ఒంట్లో జరిగేది ఏంటంటే, రోగంతో పోరాడే కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, పేగు గోడ పలచబడి క్రిములు లోపలికి వచ్చేస్తాయి, ఇక జ్వరమో విరేచనాలో పట్టుకుంటే ఆకలి చచ్చిపోయి ఉన్న కాస్త బలం కూడా పోతుంది, అప్పుడు ఇంకో జబ్బు. నైజీరియాలో ఇలేషా అనే ఊళ్లో పనిచేసిన బ్రిటిష్ పిల్లల డాక్టర్ డేవిడ్ మోర్లీ చూసింది ఇదే, బ్రిటన్లో పిల్లలు మామూలుగా కోలుకుని లేచే తట్టు (మీజిల్స్) అక్కడ ప్రాణాలు తీసేది. అందుకే ఆయన ప్రతి పిల్లాడి బరువూ చార్ట్ మీద గీయించాడు, మన అంగన్‌వాడీల్లో రాసే గ్రోత్ చార్ట్ కూడా ఆ ఆలోచనే.

1990లో కేప్‌టౌన్ హాస్పిటల్లో తట్టుతో చేరిన 189 మంది పిల్లల్లో సగంమందికి విటమిన్ ఎ ఇచ్చారు, మొత్తం 12 మంది చనిపోతే అందులో 10 మంది విటమిన్ అందని వాళ్లే. తర్వాత 1996లో పల్లీలు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన ముద్ద ప్యాకెట్ తయారైంది, వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, 2005 కరువులో నైజర్ దేశంలో వేలమంది పిల్లలు దాంతోనే కోలుకున్నారు.

అంటే మందూ ఉంది, ముద్దా ఉంది. కానీ కాంగో రాజధాని కిన్షాసా నుంచి పాంజీకి రోడ్డు మీద దాదాపు 48 గంటలు, అదీ వానాకాలం, అక్కడ ల్యాబ్ కూడా లేక శాంపిల్స్ 500 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న కిక్విట్ అనే ఊరికి పంపాల్సొచ్చింది.