కళ్లు వీలునామాలో రాయకండి, డబ్బు రాయండి

మొన్న సోమవారం మళ్లీ అదే. ఒంగోలులో మా ఆఫీసుకు ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. నీటికాసులతో ఆయన భార్యకు చూపు పోయింది. "లాయరు గారూ, నా కళ్లు, నా ఎఫ్‌డీలు రెండూ కంటి పరిశోధనకే. వీలునామాలో రాసేయండి" అన్నారు. ఎఫ్‌డీలు రాస్తాను, కళ్లు మాత్రం రాయనన్నాను. పాపం, మొహం చిన్నబోయింది.

కళ్లు దానం చేస్తే మార్పిడికి వాడేది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర. దాన్ని మనిషి పోయిన 6 గంటల్లోపు తీయాలి. మనవైపు వీలునామా తెరిచేదెప్పుడు? పెద్దకర్మ అయ్యి, చుట్టాలు కదిలాక. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఒక పెద్దాయన అడిగారని మూడో పేజీలో శ్రద్ధగా రాసిచ్చాను. పన్నెండో రోజు కొడుకు అది చదివి, "ముందే తెలిస్తే ఫోన్ చేసేవాణ్ణి కదండీ" అన్నాడు. తప్పు నాదే. కళ్ల సంగతి ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పాలి. ఐ బ్యాంకు నంబరు గోడ మీద ఉండాలి. ఆ గంటలో ఒప్పుకొని ఫోన్ చేయాల్సింది అయినవాళ్లే. షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా పర్వాలేదు. మార్పిడికి పనికిరాని కళ్లు పరిశోధనకూ, డాక్టర్ల శిక్షణకూ పనికొస్తాయి.

అయితే కార్నియా మార్చినంత మాత్రాన నీటికాసులు నయం కావు. అందులో దెబ్బతినేది కంటి నరం. దానికి పరిశోధన జరగాలి, పరిశోధనకు డబ్బు కావాలి. వీలునామా పనికొచ్చేది అక్కడ.

"నామినీగా మేనకోడలి పేరుంది, తనే ఇచ్చేస్తుందిలెండి" అన్నారు మాస్టారు. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి, అంతే. హక్కు వీలునామాలో ఉన్నవాళ్లది, అది లేకపోతే వారసులది.

"కంటాసుపత్రికి" అని రాసినా చిక్కే. బోర్డు మీద పేరొకటి, రిజిస్టరైన పేరొకటి. మన జనం వెళ్లే చెన్నై శంకర నేత్రాలయనే చూడండి. ఆసుపత్రిని నడిపేది మెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్, పరిశోధన చేసేది విజన్ రీసెర్చ్ ఫౌండేషన్. రెండింట్లోనూ రీసెర్చ్ ఉంది, ఏం చేస్తాం! ఏ సంస్థకైనా ముందు ఉత్తరం రాసి, సరైన పేరు అడిగి తెప్పించుకోండి. "పరిశోధనకు మాత్రమే" అని కూడా రాయించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రిజిస్టర్ చేయించకపోయినా వీలునామా చెల్లుతుంది, కానీ ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. క్రైస్తవులు ధర్మానికి రాస్తే చెల్లదని ఒంగోలులో ఇప్పటికీ అంటుంటారు. దగ్గరి బంధువులున్నవాళ్లు ధర్మానికి రాయాలంటే షరతులు పెట్టిన భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లోనే కొట్టేసింది. ఇక వీలునామా రాస్తే త్వరగా పోతారనే పుకారుకు నా దగ్గర ఓపిక లేదు. పదేళ్ల క్రితం రాయించుకున్నవాళ్లు ఇప్పుడొచ్చి మార్పించుకుంటున్నారు.

మాస్టారి వీలునామా ఇంకా చిత్తుప్రతిలోనే ఉంది. ముందు కొడుకుతో కళ్ల సంగతి మాట్లాడి వస్తానన్నారు.