ఇంట్లో ఎత్తు మడులు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట వైపు ఇళ్లలో కూరగాయల మడులు కట్టించే పని నాది. రోహిణి కార్తె రాగానే 'రైజ్డ్ బెడ్ కట్టాలి' అని, అంటే చుట్టూ గోడ కట్టి మట్టి నింపి నేలకంటే ఎత్తు లేపిన మడి కావాలని, ఫోన్లు మొదలవుతాయి. వీడియోలు చూసి డబ్బు పెట్టేముందు ఇది చదవండి.

అపోహ: మడి ఎంత ఎత్తుంటే అంత మంచిది.

ఎత్తు ఎంతుండాలో కింద ఉన్న నేలను బట్టి ఉంటుంది. నల్లరేగడి అయితే ముసురు పట్టినప్పుడు నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, అక్కడ అడుగు ఎత్తు లేపాల్సిందే. ఎర్ర చెల్కలో నీళ్లు ఎలాగూ ఇంకిపోతాయి, ఆరు అంగుళాలు చాలు. అడుగున ఏమీ పరచకుండా కింది నేలను గడ్డపారతో వదులు చేస్తే టమాట, వంకాయ వేళ్లు అందులోకి దిగుతాయి. చలి దేశాల్లో ఎత్తు మడి త్వరగా వేడెక్కడం లాభం. మనకు మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ. నడుము ఎత్తు గోడ కడితే నాలుగు పక్కలా వేడి తగిలి మొక్క వాడిపోతుంది. ఎత్తు మడికి నీళ్లు తక్కువ పడతాయన్నదీ నిజం కాదు, అది నేల కంటే త్వరగా ఆరుతుంది. ఎండాకాలం మట్టి కనిపించకుండా వరిగడ్డి కప్పండి.

అపోహ: అడుగున కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయి.

మేస్త్రీలు కూడా గట్టిగా నమ్మే మాట ఇది. సన్నటి మట్టి నీటిని పట్టుకుని ఉంటుంది, కంకరలోని పెద్ద ఖాళీలు దాన్ని కిందికి లాగలేవు. మట్టి పూర్తిగా నానాకే చుక్క కిందికి జారుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక ప్లాస్టిక్ సీసాను పైన కోసి, అడుగున చిల్లులు పెట్టి, సగం కంకర, సగం మట్టి పోయండి. నిండా నీళ్లు పోసి ఒక పూట ఆగి పక్క నుంచి చూడండి. కంకర రాళ్ల మధ్య ఖాళీగా ఉంటుంది, సరిగ్గా దాని పైనున్న మట్టి మాత్రం ముదురు రంగులో బురదగా ఉంటుంది. కంకర పోస్తే వేళ్ల దగ్గరికి ఆ బురదను మనమే పైకి తెచ్చినట్టు.

అపోహ: మొత్తం వర్మీ కంపోస్టుతో నింపితే పంట విరగకాస్తుంది.

ఉత్త కంపోస్టు ఏడాదిలోపే కుంగిపోతుంది, ఒకసారి ఎండితే నీళ్లు పీల్చదు. రెండు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, పైన కొంచెం వేపపిండి సరిపోతుంది. చెల్క మట్టి అయితే అందులో కొంత చెరువు పూడిక మట్టి కలపండి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది ఈ మట్టినే. ఒక్క పూడిక మట్టితోనే నింపితే మాత్రం ఎండాకాలం పగుళ్లిస్తుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కండి. బొటనవేలితో తోస్తే విడిపోవాలి. ముద్దగానే ఉంటే ఇంకో తట్ట ఎరువు పడాలి. పచ్చి పెండ మాత్రం వద్దే వద్దు, దాని వేడికి లేత వేళ్లు మాడతాయి, వేరుపురుగు కూడా చేరుతుంది.

అపోహ: చెక్కతో కడితే చవక.

మన దగ్గర చెదలు ఊరుకోవు. అడుగున పత్తి కట్టె నింపమనే సలహా కూడా ఇందుకే నాకు నచ్చదు. షాబాద్ బండల్ని మూడో వంతు భూమిలోకి దింపి నిలబెట్టండి, లేదా ఇటుకలు పేర్చండి. సిమెంటు పెడితే కింది వరుసలో నీళ్లు పోయే సందులు వదలాలి. వెడల్పు నాలుగు అడుగులు దాటొద్దు, గోడ పక్కనైతే రెండున్నర. మట్టిని తొక్కకుండా చేయి అందాలి.

అపోహ: స్లాబు మీద కూడా ఇలాగే కట్టుకోవచ్చు.

ఘనపుటడుగు తడి మట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, అడుగు లోతు మడి అంటే దాదాపు 15 క్వింటాళ్లు, అదీ రాత్రింబవళ్లు ఒకేచోట. ఇంజనీరు చూసి సరే అంటే తప్ప మేడ మీద నేను కట్టను. అక్కడ ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతు గ్రో బ్యాగులు చాలు. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపి, బీముల వెంట స్టాండు మీద పెట్టుకోండి.