టిపెట్ రహస్య ఒప్పందం వెనక ఎనభై ఏళ్ళ కథ

2012 అక్టోబరులో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ బదిలీల గడువు దగ్గరపడుతున్న వేళ, అడిలైడ్ క్లబ్బు ఫార్వర్డ్ కర్ట్ టిపెట్ తనను సిడ్నీ స్వాన్స్‌కు పంపమని అడిగాడు. ఆ సీజన్‌తో అతని కాంట్రాక్టు తీరిపోతోంది కనుక అడగడంలో తప్పేమీ లేదు. గొడవంతా బేరం మధ్యలో బయటపడ్డ ఒక కాగితంతో వచ్చింది. 2009లో కాంట్రాక్టు పొడిగించినప్పుడు క్లబ్బు అతనికి లీగ్‌కు చూపించని హామీలు రాసిచ్చింది. 2012 చివర్లో వెళ్తానంటే రెండో రౌండు డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్ళను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు) ఒక్కటి తీసుకుని వదిలేస్తామన్నది మొదటిది. బయటి సంస్థలనుంచి అతనికి రావాల్సిన సొమ్ముకు క్లబ్బే పూచీ ఉంటుందన్నది రెండోది.

ఈ ఆటలో కాంట్రాక్టు క్లబ్బుకూ ఆటగాడికీ మధ్య తేలిపోయే వ్యవహారం కాదు. దాన్ని లీగ్ దగ్గర దాఖలు చేయాలి. ఆటగాళ్ళందరికీ కలిపి క్లబ్బు ఇచ్చే మొత్తానికి ఏటా ఒక పరిమితి ఉంటుంది. స్పాన్సర్ సొంతంగా ఇచ్చుకుంటే అది వేరే లెక్క. దానికి క్లబ్బు హామీ పడిన మరుక్షణం అది క్లబ్బు జీతమే అవుతుంది, పరిమితిలో చూపించాలి. చూపించకపోతే జీతాల నిబంధన ఉల్లంఘన. బదిలీ ధరను మూడేళ్ళ ముందే చాటుగా తేల్చేసుకోవడం ఇంకా పెద్ద నేరం. పద్దెనిమిది క్లబ్బుల లీగ్‌లో రెండో రౌండు పిక్ అంటే సుమారు 19 నుంచి 36వ స్థానం లోపు కుర్రాడు. 202 సెంటీమీటర్ల ఎత్తున్న గోల్ స్కోరర్‌కు అది ఏ మూలకు? మిగతా క్లబ్బులు నిజమైన ధర పెట్టే అవకాశమే లేకుండా పోయింది. లీగ్ దీన్ని డ్రాఫ్ట్‌తో చేసిన మోసంగానే చూసింది.

ఇంతదాకా రావడానికి కారణం ఒక ఆటగాడి ఆశో, ఒక క్లబ్బు కక్కుర్తో అనుకుంటే చరిత్ర తెలియనట్టే. ఆటగాడు తనకు నచ్చిన చోటికి వెళ్ళే దారిని లీగ్ ఎన్నిసార్లు మూసిందో అన్నిసార్లూ డబ్బు చాటుదారి వెతుక్కుంది.

1930లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఇప్పటి ఆస్ట్రేలియన్ లీగ్ పాత పేరు) కూల్టర్ నిబంధన తెచ్చింది. మ్యాచ్‌కు 3 పౌండ్లకు మించి ఎవరికీ ఇవ్వకూడదు, చేరినందుకు ఏకమొత్తం అసలే ఇవ్వకూడదు. హేడన్ బంటన్‌కు ఫిట్జ్‌రాయ్ క్లబ్బు 222 పౌండ్లు ఇవ్వజూపిందని తేలి, ఆ ఏడాదంతా అతన్ని ఆడనివ్వలేదు. తర్వాత అదే బంటన్ 1931, 1932, 1935ల్లో లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం గెలిచాడు. 1938లో ప్రత్యర్థి సంఘం వీఎఫ్‌ఏ, లీగ్ అనుమతి పత్రాలను పట్టించుకోవడం మానేయగానే పెద్ద పేర్లు అటు జారాయి. కాలింగ్‌వుడ్ గోల్ వీరుడు రాన్ టాడ్ 1940లో విలియమ్స్‌టౌన్‌కు వెళ్ళిపోయాడు. కట్టేసిన తాడు ఎంత బిగుతుగా ఉంటే జనం అంత త్వరగా తెంచుకుంటారని లీగ్‌కు అప్పుడే తెలిసి ఉండాలి.

తెలియలేదు. ఏ ప్రాంతంలో పుట్టినవాడు ఆ ప్రాంతం క్లబ్బుకే ఆడాలి, మారాలంటే పాత క్లబ్బు క్లియరెన్స్, అంటే వదిలేస్తున్నామన్న అనుమతి, ఇవ్వాలి అన్న పద్ధతి దశాబ్దాలు నడిచింది. మధ్యలో ఒక్కసారి తలుపు తెరుచుకుంది. పదేళ్ళు ఒకే క్లబ్బుకు ఆడినవాడు స్వేచ్ఛగా మారొచ్చన్న నియమంతో 1973లో డగ్ వేడ్, బారీ డేవిస్, జాన్ రాంటాల్ ముగ్గురూ నార్త్ మెల్‌బోర్న్ చేరారు. నష్టపోయిన క్లబ్బులు గగ్గోలు పెట్టడంతో ఆ ఏడాదే నియమం ఎత్తేశారు. 1975లో నార్త్ మెల్‌బోర్న్ తన చరిత్రలో మొదటి టైటిల్ గెలిచింది. ఆటగాళ్ళు సంఘం పెట్టుకున్నది కూడా 1973లోనే.

అసలు దెబ్బ కోర్టులో తగిలింది. సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు సిడ్నీకి తరలిపోయినప్పుడు యువకుడు సిల్వియో ఫొస్కినీ ఊరు విడిచి వెళ్ళనన్నాడు, సెయింట్ కిల్డాకు ఆడతానన్నాడు. క్లబ్బు క్లియరెన్స్ ఇవ్వలేదు. 1983లో విక్టోరియా సుప్రీంకోర్టులో జస్టిస్ క్రాకెట్ తీర్పు సూటిగా ఉంది: ఈ నిబంధనలు మనిషి తన వృత్తి చేసుకోవడాన్ని అన్యాయంగా అడ్డుకుంటున్నాయి, చెల్లవు. ఈ మొత్తం చరిత్రలో నాకు అత్యంత ముఖ్యమైన తేదీ అదే. ఇప్పుడున్న వ్యవస్థ అంతా ఆ తీర్పు తర్వాత తోసుకొచ్చిందే. 1986లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. 1987లో క్లబ్బుకు 12.5 లక్షల డాలర్ల జీతాల పరిమితి వచ్చింది.

ఐపీఎల్ వేలం అలవాటైన మనకు డ్రాఫ్ట్ కొంచెం కొత్త. ఇందులో డబ్బు పాట ఉండదు. అడుగున ఉన్న జట్టుకు ముందు వంతు, ఎవరు పిలిస్తే కుర్రాడు అక్కడికే వెళ్ళాలి. రగ్బీ లీగ్ ఇలాంటి డ్రాఫ్టే తెస్తే 1991లో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ కొట్టేసింది. ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మాత్రం నిలిచింది. ఆటగాళ్ళ సంఘం లీగ్‌తో సామూహిక ఒప్పందంలో ఉండటం దానికి పెద్ద బలం.

పరిమితి వచ్చాక చాటు చెల్లింపులు మళ్ళీ మొదలయ్యాయి. 2002లో కార్ల్‌టన్ దొరికిపోయి దాదాపు 9.3 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ పోగొట్టుకుంది. ఆ పిక్ సెయింట్ కిల్డాకు చేరి బ్రెండన్ గాడర్డ్‌ను తెచ్చింది.

టిపెట్ ఈ నేపథ్యంలోకి వచ్చినవాడు. క్వీన్స్‌లాండ్‌లో పెరిగి, బాస్కెట్‌బాల్ ఆడి, 2006 డ్రాఫ్ట్‌లో 32వ పిక్‌గా అడిలైడ్ చేరాడు. ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు తీరాక నచ్చిన క్లబ్బుకు వెళ్ళే హక్కు, 2012లో అమల్లోకి వచ్చింది కానీ ఒకే క్లబ్బులో ఎనిమిదేళ్ళు గడవాలి. అతనికి గడిచినవి ఆరే. కాంట్రాక్టు తీరినా దారులు రెండే: పాత క్లబ్బు ఒప్పుకునే ట్రేడ్, లేదా మళ్ళీ డ్రాఫ్ట్. 2009లో అతని తరఫువాళ్ళు ఆ హామీ కోరింది ఈ ఇరుకును ముందే చూసి. తప్పు తప్పే, కానీ ఆ తప్పుకు చోటిచ్చింది నిబంధనే.

శిక్షలు నవంబరు చివర్లో ఖరారయ్యాయి. క్లబ్బుకు 3 లక్షల డాలర్ల జరిమానా, 2013 డ్రాఫ్ట్ మొదటి రెండు రౌండ్ల నుంచి బహిష్కరణ. 2012 తొలి పిక్‌ను క్లబ్బు ముందే వదులుకుంది. ముఖ్య కార్యనిర్వహణాధికారి స్టీవెన్ ట్రిగ్‌పై సస్పెన్షన్ పడింది. టిపెట్‌కు 50 వేల డాలర్ల జరిమానా, 11 మ్యాచ్‌ల నిషేధం. ట్రేడ్ కుదరక అతను ప్రీసీజన్ డ్రాఫ్ట్‌కు వెళ్ళాడు. అందులో ఆటగాడు తనకెంత జీతం కావాలో ముందే చెప్పవచ్చు, పిలిచిన క్లబ్బు ఆ మొత్తం ఇవ్వాల్సిందే. పరిమితిలో చోటు లేని క్లబ్బులు అక్కడే తప్పుకుంటాయి. అలా ఆ ఏటి విజేత సిడ్నీ వంతు దాకా అతను మిగిలాడు. అడిలైడ్‌కు బదులుగా దక్కింది సున్నా. సిడ్నీ తరఫున టిపెట్ 2014, 2016 ఫైనల్స్ ఆడి రెండూ ఓడాడు. చీలమండ గాయంతో 2018 జనవరిలో ఆట మానేశాడు.

ఆ తర్వాత పెద్ద బదిలీలు బాహాటంగానే జరిగాయి. 2012లోనే గాడర్డ్ ఫ్రీ ఏజెంటుగా ఎసెండన్ చేరాడు. 2013లో లాన్స్ ఫ్రాంక్లిన్‌కు సిడ్నీ తొమ్మిదేళ్ళకు కోటి డాలర్లు ఇస్తానంది. అతను పరిమిత ఫ్రీ ఏజెంటు కనుక హాథోర్న్ అంతే ఇచ్చి ఆపుకోవచ్చు, కానీ ఆపలేదు. టిపెట్, ఫ్రాంక్లిన్ చేర్పుల తర్వాత సిడ్నీకి జీవన వ్యయం పేరిట ఉన్న అదనపు జీతాల వెసులుబాటును లీగ్ దశలవారీగా తీసేసింది. 2020లో జెరెమీ కామెరన్ విషయంలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ క్లబ్బు గీలాంగ్ ఆఫర్‌కు సమానంగా నిలబడి, చివరికి మూడు మొదటి రౌండు పిక్‌లు రాబట్టింది.

ఎనిమిదేళ్ళు నిండనివాళ్ళది మాత్రం పాత ఇరుకే. 2019లో గోల్డ్‌కోస్ట్ ఆటగాడు జాక్ మార్టిన్ కార్ల్‌టన్‌కు వెళ్తానన్నాడు, ట్రేడ్ కుదరలేదు. టిపెట్‌లాగే అతనూ ప్రీసీజన్ డ్రాఫ్ట్ గుండానే చేరాడు, గోల్డ్‌కోస్ట్‌కు ఏమీ దక్కలేదు.