155 సంఖ్యల్లో ఒక గుడిగంట

డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని తెరిచి ఒక మీట నొక్కండి. మీరు వినే శబ్దం 1983 నాటిది. ఆ ఏడాది యమహా కంపెనీ విడుదల చేసిన డీఎక్స్7 కీబోర్డు శబ్దం అది. అప్పట్లో అమెరికాలో దాని ధర దాదాపు 2,000 డాలర్లు. డెక్స్‌డ్ పాత రికార్డింగ్ ఏదీ వినిపించదు. ఆ కీబోర్డు లోపల జరిగిన లెక్కనే మన కంప్యూటర్ చేత మళ్లీ చేయిస్తుంది. నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ఇంత ఇష్టం అందుకే.

ఆ లెక్క 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దొరికింది. స్వరాన్ని అటూ ఇటూ కదిలించే కంపిత గమకం మనకు తెలుసు. సెకనుకు ఐదారు సార్లు కదిలిస్తే ఆ ఊపు చెవికి ఊపులాగే తెలుస్తుంది. సంగీతకారుడు జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో అలాంటి ఊపునే ఇస్తూ, దాని వేగాన్ని, లోతును పెంచుకుంటూ పోయారు. సెకనుకు పాతిక ముప్ఫై సార్లు దాటి వందల్లోకి వెళ్లేసరికి ఊపు వినిపించడం మానేసింది. దాని బదులు స్వరం గొంతే మారిపోయింది! రెండే రెండు నున్నటి సైన్ తరంగాలు, ఒకటి మోగేది, రెండోది దాన్ని ఊపేది. వాటి నుంచి బోలెడు కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొచ్చాయి.

ఇందులోని కూడికలు, తీసివేతలు మనమూ చేసి చూడొచ్చు. 200 హెర్ట్‌జ్ స్వరాన్ని సెకనుకు 200 సార్లు ఊపితే 400, 600, 800 ఇలా పుడతాయి. అన్నీ 200కి గుణిజాలే కాబట్టి చెవికి ఒకే స్వరంలా కలిసిపోతాయి. అదే 280 సార్లు ఊపితే 480, 760 ఒకవైపు, 80, 360 మరోవైపు వస్తాయి. వీటిలో ఏదీ 200కి గుణిజం కాదు. కంచు గంట మోగినప్పుడు కూడా ఇలా పొసగని పౌనఃపున్యాలే కలిసి వస్తాయి. అందుకే ఆ రెండో లెక్క గుడిగంటలా వినిపిస్తుంది. ఊపు లోతును మెల్లగా తగ్గిస్తే, కొట్టిన గంట ఖంగుమని మొదలై మెత్తబడుతూ ఆగినట్టే ఉంటుంది.

అమెరికాలోని ఆర్గాన్ కంపెనీలు ఈ పద్ధతిలో లాభం చూడలేకపోయాయి. యమహా చూసింది, లైసెన్స్ తీసుకుంది. అయినా దాన్ని చవకైన చిప్పులోకి ఎక్కించడానికి ఏళ్లు పట్టింది. డీఎక్స్7లో ఒక్కో స్వరానికి ఆరు సైన్ తరంగాలు, వాటిని ఒకదానికొకటి కలిపే పద్ధతులు 32. ఒకేసారి 16 స్వరాలు మోగొచ్చు. అంటే 96 తరంగాలను సెకనుకు దాదాపు 49 వేల సార్లు లెక్కించాలి. అప్పటి చిప్పుకి గుణకారాలు చాలా బరువు. యమహా ఇంజినీర్లు మన కాలేజీ రోజుల లాగ్ టేబుల్ పుస్తకం కిటుకునే వాడారు: సైన్ విలువల లాగరిథమ్‌లను పట్టికగా చిప్పులోనే పెట్టేసి, గుణకారాన్ని కూడికగా మార్చేశారు. ఎంత అందమైన ఆలోచన!

అయితే పట్టికలో అంకెలు పరిమితం. తెగ్గొట్టిన ప్రతి చిన్న భిన్నమూ కాస్త గరగరగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో అది లోపం. ఇప్పుడు ఆ శబ్దాన్ని ప్రేమించేవాళ్లకు ఆ గరగర కూడా కావాలి. డెక్స్‌డ్‌కి మూలం ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం రాసిన ఒక ఓపెన్ సోర్స్ సింథసైజర్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న, శబ్దాలను లెక్కతో పుట్టించే సాఫ్ట్‌వేర్. దాని లెక్క నేటి ఖచ్చితత్వంతో శుభ్రంగా ఉంటుంది. అందుకే డెక్స్‌డ్‌లో మార్క్ వన్ అని ఇంకో ఇంజిన్ పెట్టారు. అది కావాలనే తక్కువ బిట్లతో, పాత చిప్పులా లెక్కిస్తుంది. రెండింటినీ మార్చి మార్చి హెడ్‌ఫోన్స్‌లో వినండి. స్వరం ఆగిపోయే చివరి క్షణాల్లో తేడా బాగా తెలుస్తుంది.

డీఎక్స్7లో ఒక వాద్యం, అంటే గంటలాంటి ఒక శబ్దం అమరిక మొత్తం, దాని పేరుకి పట్టే పది అక్షరాలతో కలిపి, 155 సంఖ్యలు. 32 వాద్యాలను కుదించి దాచిన ఫైలు 4,104 బైట్లే. ఫోన్‌లో తీసే ఒక ఫొటోలో అలాంటివి వందలు పడతాయి. నలభై ఏళ్ల క్రితం కార్ట్రిడ్జ్‌ల్లో అమ్మిన వాద్యాలు కూడా ఈ రూపంలోనే డెక్స్‌డ్‌లో తెరుచుకుంటాయి. ఇటు నుంచి అటు కూడా వెళ్లొచ్చు. ఇవాళ మీరు లాప్‌టాప్‌లో తయారుచేసిన గంటను మిడి కేబుల్ (సంగీత వాద్యాలను, కంప్యూటర్లను కలిపే తీగ) గుండా అసలు డీఎక్స్7కి పంపితే, అది దాన్ని తన సొంత స్వరంలాగే వాయిస్తుంది.