మందు పొడికి గాలి సోకకుండా

మిర్చి పట్టిన గిర్నీలో వెంటనే గోధుమలు పోస్తే పిండి ఎర్రబడుతుందని, రొట్టె తిన్నవాళ్ల గొంతు మండుతుందని జడ్చర్లలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అందుకే చాలా ఊళ్లలో మిర్చి గిర్ని వేరు, పిండి గిర్ని వేరు. రెండూ ఒక్కటే అయిన చోట మొదటి గుప్పెడు గోధుమలు ఊరికే తిప్పి పక్కన పారేస్తారు. అదే జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మాత్రలు చేసే ప్లాంట్లకూ, అటు చౌటుప్పల్, చిట్యాల వైపు మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ ప్లాంట్లకూ ఉన్న బెడద ఇదే. ఒక మందు పొడి ఇంకో మందులో కలవకూడదు, గాలిలో లేచి పనిచేసేవాళ్ల ముక్కులోకీ పోకూడదు. పెన్సిలిన్ జాతి మందులకు విడిగా ప్లాంటు కట్టాలన్న నిబంధన మిర్చి గిర్నీ లెక్కలోదే. కాకపోతే పిండిలో కారం కలిస్తే నాలుకకు తెలుస్తుంది. బీపీ మాత్రలో 10 మైక్రోగ్రాముల హార్మోన్ మందు కలిస్తే ఎవరి నాలుకకూ తెలియదు.

10 మైక్రోగ్రాములంటే ఎంతో ఊహకు అందాలంటే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను తలుచుకోండి. అందులో ఉన్న మందు 5,00,000 మైక్రోగ్రాములు. పారాసిటమాల్ అంత సాధు మందు కాబట్టి సరిపోయింది. పనిచేసేవాళ్లు పీల్చే ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములు దాటకూడని ఘాటు మందు అదే బరువున గాలిలో లేస్తే, 50,000 ఘనపు మీటర్ల గాలి ఆ హద్దుకు చేరుతుంది. రెండున్నర ఎకరాల చెలక మీద 5 మీటర్ల ఎత్తున కప్పు వేస్తే లోపల పట్టే గాలి అది. మందుల ఘాటును కంపెనీలు సాధారణంగా ఐదు తరగతులుగా విడగొడతాయి. నాలుగో తరగతికి హద్దు 1 నుంచి 10 మైక్రోగ్రాములు, ఐదో తరగతికి 1 కంటే తక్కువ. ఒక షిఫ్టులో మనిషి పీల్చే గాలి సుమారు 10 ఘనపు మీటర్లు అని లెక్క.

పొడిని డ్రమ్ములోంచి బిన్ అనే పెద్ద పాత్రలోకి, బిన్‌లోంచి పొడులను కలిపే బ్లెండర్‌లోకి మార్చే పనిలో అందరి కళ్లూ పొడి మీదే ఉంటాయి. అసలు చూడాల్సింది గాలిని. ఖాళీ పాత్ర అంటే నిండా గాలి ఉన్న పాత్ర. అందులోకి 100 లీటర్ల పొడి పడితే ఇంచుమించు 100 లీటర్ల గాలి ఎటో ఒకవైపు బయటికి రావాలి, వచ్చేటప్పుడు సన్నటి పొడిని వెంటబెట్టుకుని వస్తుంది. గిర్నీ మూతికి కట్టిన గుడ్డ గొట్టం చేసే పని ఏమిటనుకున్నారు? పిండిని ఆపి గాలిని వదలడం. ఫార్మాలో ఆ గుడ్డ స్థానంలో వెంట్ ఫిల్టర్ ఉంటుంది, లేదంటే కింది పాత్రలోని గాలిని మళ్లీ పై బిన్‌లోకే పంపే పైపు ఉంటుంది. ఈ ఫిల్టర్ మూసుకుపోతే పాత్రలో ఒత్తిడి పెరిగి, అతుకుల్లో పెట్టే రబ్బరు గాస్కెట్లలో అన్నిటికంటే బలహీనమైన దాని దగ్గర పొడి చిమ్ముతుంది. అప్పుడు తిట్లన్నీ రెండు పాత్రల మధ్య ఉన్న వాల్వ్‌కు పడతాయి. దాన్ని విప్పి సీలు మార్చే ముందు ఫిల్టర్‌కు ఇవతల, అవతల ఒత్తిడి తేడా ఎంతుందో చూస్తే సగం పంచాయితీలు అక్కడే తెగిపోతాయి.

పాత పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. 25 కిలోల డ్రమ్ము, లోపల రెండు పాలిథిన్ సంచులు, స్కూపు, పైన గాలి కిందికి వీచే ఆర్‌ఎల్‌ఏఎఫ్ (రివర్స్ లామినార్ ఎయిర్ ఫ్లో) బూత్. గాలి సెకనుకు 0.45 మీటర్ల వేగంతో కప్పు నుంచి దిగి, వెనక గోడ అడుగున ఉన్న జాలీల్లోకి పోతుంది. అందులో పదోవంతు బయటికి పంపేస్తారు కాబట్టి బూత్‌లోకి ఎప్పుడూ బయటి గాలే చొరబడుతుంది, లోపలి గాలి ఇవతలికి రాదు. ఇదంతా మనిషి నిలబడే చోటు సరిగా ఉంటేనే. డ్రమ్ము మనిషికీ జాలీకీ మధ్యలో ఉండాలి. అడుగున మిగిలిన పొడి కోసం తల డ్రమ్ములో పెట్టి వంగితే, పై నుంచి వచ్చే మంచి గాలి వీపుకు తగిలి ఆగిపోతుంది, ముఖం దగ్గర పొడి సుడి తిరుగుతుంది. ఎంత బాగా చేసినా బూత్ ఒక్కదానితో ఘనపు మీటరుకు 50 నుంచి 100 మైక్రోగ్రాముల కంటే కిందికి రావడం కష్టం. సంచి మూతికి కట్టిన కేబుల్ టై ఇంకో తలనొప్పి. కత్తిరించిన తోక ముక్క ఎగిరి పొడిలో పడిందంటే బ్యాచ్ మొత్తం జల్లెడ పట్టాల్సిందే. అందుకే ఎన్ని టైలు కోశారో అన్ని ముక్కలు లెక్క అప్పజెప్పే అలవాటు ఉన్న ప్లాంట్లున్నాయి.

ఘాటు మందులకు వాడేది స్ప్లిట్ బటర్‌ఫ్లై వాల్వ్. కందిగింజను తిరగలిలో విసిరితే రెండు బద్దలైనట్టు, దారిని మూసే గుండ్రటి బిళ్ల, అంటే ఈ వాల్వ్ డిస్క్, రెండు బద్దలుగా ఉంటుంది. ఒక బద్ద బిన్ మూతిని మూసి ఉంటుంది, రెండోది బ్లెండర్ మూతిని. విడిగా ఉన్నప్పుడు రెండింటికీ బయటి గాలి సోకే ముఖం ఒకటి, పొడి తగిలే ముఖం ఒకటి. బిన్‌ను లిఫ్టర్‌తో ఎత్తి కింది భాగం మీద దించితే గాలి సోకిన రెండు ముఖాలూ ఒకదానికొకటి అతుక్కుని లోపల ఉండిపోతాయి. హ్యాండిల్ తిప్పితే రెండు బద్దలూ ఒకే గింజలా 90 డిగ్రీలు తిరుగుతాయి, పొడి దాని రెండు పక్కల నుంచీ జారుతుంది. మళ్లీ మూసి విడదీస్తే గాలి సోకిన ముఖాలు గాలివైపే, పొడి ముఖాలు పొడివైపే ఉంటాయి. బిన్ వైపు బద్దకు హ్యాండిల్ ఉండదు, ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని తెరవలేరు. కలిపి లాక్ పడందే రెండో వైపు హ్యాండిల్ కూడా కదలదు.

వినడానికి ఇంత ముచ్చటగా ఉన్న వాల్వ్ ఎక్కడ దెబ్బతింటుందంటే డిస్క్ అంచు దగ్గర. 150 మిల్లీమీటర్ల వాల్వ్ చుట్టుకొలత దాదాపు 471 మిల్లీమీటర్లు. ఆ అంచు పొడవునా 1 మిల్లీమీటరు వెడల్పు, 0.1 మిల్లీమీటరు మందాన పొడి గీత మిగిలిందనుకోండి. మిల్లీలీటరుకు అర గ్రాము తూగే పొడి అయితే అది సుమారు 24 మిల్లీగ్రాములు, అంటే 24,000 మైక్రోగ్రాములు. అదంతా గాలిలో లేవదు, నిజమే. లేచిన కొంచెమైనా ఒకటి రెండు మైక్రోగ్రాముల హద్దు ముందు కొండంత. ఈ గీత పడేది ఎక్కువగా నిలబడిన పొడి మీద వాల్వ్ మూసినప్పుడు. బ్లెండర్ నిండిపోయి పొడి వాల్వ్ దాకా పేరుకుంటే డిస్క్ పొడిని కోస్తూ వచ్చి, సీలుకూ అంచుకూ మధ్య దాన్ని నొక్కి గట్టిపరుస్తుంది. సీలు అక్కడే గీసుకుపోతుంది, మరుసటి బ్యాచ్‌కు కారడం మొదలు. కాబట్టి కింది పాత్రలో ఖాళీ ఉండేలా ముందే లెక్క వేసుకోవాలి. ఎలాగూ మూడొంతులకు మించి నింపితే బ్లెండర్ సరిగా కలపదు. పొడి ఆగాక బిన్‌ను వైబ్రేటర్‌తో కదిపి, వాల్వ్‌ను ఒకటి రెండుసార్లు సగం మూసి తెరిచి, ఆ తర్వాతే పూర్తిగా మూయాలి. ఐదో తరగతి మందులకు వాడే రకాల్లో రెండు భాగాల మధ్య కొద్దిపాటి సందు తెరిచి, చుట్టూ గాలి పీల్చి అంచును ఊడ్చాకే బిన్‌ను పైకి లేపుతారు.

అంత డబ్బు పెట్టలేని చోట లైనర్ పద్ధతి ఉంది. పొడవాటి పాలిథిన్ గొట్టాన్ని మడతలుగా కుదించి పాత్ర మూతికి తొడుగుతారు. పొడి దిగాక గొట్టాన్ని మెలిపెట్టి, పక్కపక్కనే రెండు బిగింపులు వేసి, వాటి మధ్యలో కోస్తారు. సంచి వైపు ఒక బిగింపు, పాత్ర వైపు ఒకటి. రెండు మూతులూ ఎప్పుడూ తెరుచుకోలేదన్నమాట. మెలిక పెట్టే ముందు గొట్టాన్ని తట్టి పొడి దులపకపోతే కోసిన చోట అదే బయటపడుతుంది.

రసాయన చర్య జరిపే పాత్ర, అంటే రియాక్టర్‌లోకి పొడి పోసేటప్పుడు గాలి కథ తిరగబడుతుంది. 25 కిలోల పొడి 50 లీటర్ల సంచిలో ఉంటే అందులో పొడి గింజలు 20 లీటర్ల లోపే, తక్కిన 30 లీటర్లూ వాటి సందుల్లో ఉన్న గాలి. నిప్పు అంటుకోకుండా నైట్రోజన్ నింపి ఉంచిన రియాక్టర్‌లోకి దాని పైమూతి, అంటే మ్యాన్‌హోల్ నుంచి సంచి వెనక సంచి దులిపితే ఆక్సిజన్‌ను మనమే మోసుకెళ్లి పోసినట్టు. లోపల మిథనాల్ లాంటి మండే ద్రావకం ఉంటే, మిథనాల్ అయితే దాని ఆవిరి అంటుకోవడానికి 0.14 మిల్లీజూళ్లు చాలు. ఎండాకాలం మహబూబ్‌నగర్ తేమ లేని గాలిలో, రబ్బరు అడుగు బూట్లేసుకుని పాలిథిన్ సంచి దులిపే మనిషి ఒంటి మీద 10,000 వోల్టులు చేరాయంటే, అందులో ఉన్న శక్తి 5 నుంచి 10 మిల్లీజూళ్లు. ఎర్త్ క్లిప్పు డ్రమ్ముకు పెడితే సరిపోదు, మనిషికీ ఎర్త్ కావాలి, ఆ బూట్లు స్టాటిక్‌ను నేలకు దించేవి అయి ఉండాలి. క్లిప్పు కూడా పెయింటు మీద పడితే పెట్టనట్టే. పళ్లు ఇనుములోకి దిగాలి, నిరోధం 10 ఓములు దాటకూడదు. ఇలాంటి చోట పొడిని వాక్యూమ్‌తో చిన్న గదిలోకి పీల్చి, నైట్రోజన్‌తో రియాక్టర్‌లోకి నెట్టే యంత్రం పెట్టుకోవడం మేలు. సందుల్లోని గాలి చాలావరకు ముందే బయటికి పోతుంది, మ్యాన్‌హోల్ తెరిచే పనే ఉండదు.

ఏ పరికరం ఎంత కాపాడుతుందో తేల్చే పరీక్షకు ఎక్కువగా వాడేది లాక్టోజ్, పాలలో ఉండే చక్కెర. మనిషికి హాని లేదు, నానోగ్రాముల్లో ఉన్నా ల్యాబ్ పట్టేస్తుంది. వాల్వ్ చుట్టూ, పనిచేసేవాళ్ల ముక్కు దగ్గర చిన్న పంపులు పెట్టి గాలిని ఫిల్టర్ మీదికి పీలుస్తారు. కలపడం, పోయడం, విడదీయడం అంతా కనీసం మూడుసార్లు చేస్తారు. వాల్వ్ అమ్మిన కంపెనీ మనిషి చేతులతో వచ్చిన అంకె, రాత్రి షిఫ్టు ఆపరేటర్ చేతులతో వచ్చిన అంకె ఒకటి కావు. రెండోదే రాసుకోవాలి, సీలు కొన్నాళ్లు అరిగాక మళ్లీ తీసుకోవాలి.